జవాబు రాకపోతే ఏమనుకోవాలి?

ఆబిడ్స్‌లో గన్‌ఫౌండ్రీ దగ్గర ఒక ఏటీఎంలో వేరే బ్యాంకు కార్డు పెట్టి 2,000 రూపాయలు అడిగారనుకోండి. లోపల నోట్లు లెక్కపెడుతున్న చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోతుంది. లావాదేవీ పూర్తికాలేదని తెర మీద వస్తుంది. అంతలోనే జేబులో ఫోను మోగుతుంది, మీ ఖాతాలోంచి 2,000 రూపాయలు తగ్గాయని. చేతికి ఒక్క నోటూ రాలేదు. ఆ ఏటీఎం ఎవరిదో ఆ బ్యాంకుకు వెళితే మీ బ్యాంకును అడగమంటారు. మీ బ్యాంకు వాళ్లు నాలుగు రోజులు ఆగి చూడమంటారు. నెల పింఛను మీద బతికే మనిషికి ఆ నాలుగు రోజులు చిన్నవి కావు.

చాలాసార్లు దీని వెనుక దొంగ ఉండడు. ఒకదాన్నొకటి చూడలేని కంప్యూటర్లు కేవలం కబుర్లు పంపుకుంటూ ఒకే లెక్క మీద నిలబడాల్సి వచ్చినప్పుడు తప్పించుకోలేని చిక్కు ఇది. అలాంటి కంప్యూటర్ల గుంపును డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్ అంటారు. అవి మాట్లాడుకోవడానికి ముందే కుదుర్చుకున్న కట్టుబాట్లు ప్రోటోకాళ్లు.

ఏటీఎంకు మీ ఖాతా గురించి ఏమీ తెలియదు. అది మీ కోరికను తన బ్యాంకు స్విచ్‌కు పంపుతుంది. ఏ కార్డు ఏ బ్యాంకుదో మొదటి అంకెలను బట్టి గుర్తించి దారి చూపే కంప్యూటర్ పేరు స్విచ్. కార్డు తనది కాదని తెలియగానే అది కబురును అన్ని బ్యాంకులకూ ఉమ్మడిగా ఉన్న నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్‌కు నెడుతుంది. అక్కడి నుంచి మీ బ్యాంకు స్విచ్‌కు, చివరికి మీ ఖాతా ఉన్న కంప్యూటర్‌కు. జవాబు ఇదే దారిలో వెనక్కి రావాలి. ఈ కబుర్లన్నీ ఐఎస్ఓ 8583 అనే ప్రమాణంలో ఉంటాయి. 0200 అంటే డబ్బు అడగడం, 0210 అంటే దానికి జవాబు. ఆ జవాబులో రెండంకెల కోడ్ ఒకటుంటుంది: 00 అయితే ఇవ్వొచ్చు, 51 అయితే ఖాతాలో చాలినంత లేదు, 55 అయితే పిన్ తప్పు, 91 అయితే అవతలి బ్యాంకు పలకడం లేదు.

ఈ ఉమ్మడి స్విచ్ పుట్టింది గన్‌ఫౌండ్రీకి కొద్ది దూరంలోనే. మాసబ్ ట్యాంక్ దగ్గర క్యాజిల్ హిల్స్‌లో ఐడీఆర్‌బీటీ ఉంది. బ్యాంకుల సాంకేతిక అవసరాల కోసం రిజర్వు బ్యాంకు 1996లో నెలకొల్పిన సంస్థ అది. 1999లో అది ఇన్ఫినెట్ పేరుతో బ్యాంకుల కోసమే ప్రత్యేకంగా ఒక నెట్‌వర్క్ నడపడం మొదలుపెట్టింది. 2004 ఆగస్టులో కార్పొరేషన్ బ్యాంక్, బ్యాంక్ ఆఫ్ బరోడా, ఐసీఐసీఐ బ్యాంక్ అనే మూడు బ్యాంకుల ఏటీఎంలతో నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ మొదలైంది. 2009 డిసెంబరు 14న దాని నిర్వహణ నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ చేతికి వెళ్లేనాటికి అందులో 37 బ్యాంకులున్నాయి.

అంతకు ముందు కాలం సంగతి గన్‌ఫౌండ్రీకే బాగా తెలుసు. నిజాం ప్రభుత్వపు హైదరాబాద్ స్టేట్ బ్యాంక్ 1942 ఏప్రిల్ 5న ఇక్కడే తలుపులు తెరిచింది. ఆ తరం బ్యాంకుల్లో ఖాతా ఏ శాఖలో ఉంటే అక్కడికే వెళ్లాలి. లెడ్జర్ ఒక్కటే, అది ఒక్క బల్ల మీదే ఉండేది. ఎవరి డబ్బు ఎంతో తేల్చాలంటే ఆ పుస్తకం తెరిస్తే చాలు. సౌకర్యం తక్కువే కానీ లెక్క రెండుచోట్ల రెండు రకాలుగా ఉండే ప్రమాదం లేదు. ఊరంతా ఏటీఎంలు వెలిశాక ఆ భరోసా పోయింది. నోట్లు ఒకచోట, లెక్క మరోచోట, మధ్యలో తీగ.

ఇన్ఫినెట్ మొదట్లో తీగ కూడా కాదు, ఉపగ్రహం. బ్యాంకు మేడల మీద విశాట్ డిష్‌లు, హైదరాబాద్‌లో వాటికి కేంద్రమైన హబ్. ఆ ఉపగ్రహం తిరిగే భూస్థిర కక్ష్య మనకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. కాబట్టి గన్‌ఫౌండ్రీ మేడ మీద నుంచి మాసబ్ ట్యాంక్‌కు విశాట్‌లో పంపే కబురు, ఆటోలో పోతే పావుగంట పట్టే దూరానికి, సుమారు 72,000 కిలోమీటర్లు ప్రయాణించాలి. కాంతి వేగంతో పోయినా దాదాపు పావు సెకను. జవాబు రావడానికి మరో పావు సెకను. ఈ ఆలస్యాన్ని ఏ ఇంజనీరూ తగ్గించలేడు. మనుషులకు అర సెకను లెక్కలోకి రాదు గానీ, జవాబు కోసం కాచుకున్న యంత్రం ఒక నిర్ణయం తీసుకోవాలి. ఎంతసేపు చూడాలి? ఇంకా రాలేదంటే దారిలో ఉన్నట్టా, పోయినట్టా? వాన మబ్బు అడ్డొచ్చిందా? అసలు నా కబురే అవతలికి చేరలేదా? చేరి, పని జరిగి, జవాబు మాత్రమే పోయిందా? బయటి నుంచి చూస్తే ఇవన్నీ ఒకేలా ఉంటాయి. నిశ్శబ్దానికి అర్థం చెప్పే మార్గమే లేదు. ఈ అధ్యాయంలో మిగతాదంతా ఈ ఒక్క ఇబ్బంది చుట్టూనే తిరుగుతుంది.

ఆబిడ్స్ జీపీఓలో ఒకప్పుడు అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జతచేసి రిజిస్టరు ఉత్తరం పంపినవాళ్లకు ఇది కొత్త కాదు. కార్డు తిరిగొస్తే ఉత్తరం అందిందని మీకు తెలుస్తుంది. కానీ ఆ కార్డు మీకు చేరిందని అవతలి మనిషికి ఎలా తెలుస్తుంది? దానికి మీరు ఇంకో కార్డు పంపాలి. అది చేరిందని మీకు తెలియాలంటే ఆయన మరొకటి పంపాలి. ఎక్కడ ఆపినా ఆఖరి కార్డు పంపినవారు అనుమానంలోనే మిగిలిపోతారు.

ఇది తెలివి చాలక మిగిలిపోయిన సమస్య కాదనీ, ఎన్నటికీ పరిష్కారం లేనిదనీ 1975లో అక్కోయున్లు, ఏకనాథం, హ్యూబర్ అనే ముగ్గురు పరిశోధకులు చూపించారు. 1978లో కంప్యూటర్ శాస్త్రవేత్త జిమ్ గ్రే దీన్ని ఇద్దరు సేనానుల కథగా మలిచాడు. రెండు కొండల మీద రెండు దండులు, మధ్య లోయలో శత్రువు. ఇద్దరూ ఒకేసారి దాడిచేస్తే గెలుపు, ఒక్కరే దిగితే నాశనం. కబురు మోసేవాడు లోయలో పట్టుబడవచ్చు. ఎన్ని కబుర్లు మార్చుకుంటే ఇద్దరికీ నిశ్చయం కుదురుతుంది? రుజువు చాలా చిన్నది. అన్నిటికంటే తక్కువ కబుర్లతో పని ముగించే కట్టుబాటు ఒకటి ఉందనుకుందాం. అందులో ఆఖరి కబురు పోయే అవకాశం ఉంది కనుక, పంపినవాడు అది చేరినా చేరకపోయినా ఒకేలా నడుచుకోవాలి. ఇద్దరూ కలిసి కదలాల్సిందే కనుక అందుకోవలసినవాడూ అంతే. అంటే ఆ కబురు అక్కర్లేదు. దాన్ని తీసేస్తే ఇంకా తక్కువ కబుర్ల కట్టుబాటు వస్తుంది. మనం మొదట అనుకున్నదే అన్నిటికంటే చిన్నది కదా! కాబట్టి అలాంటిది ఉండదు. ఇంత సూటిగా మనిషి ఆశకు హద్దు గీసే రుజువులు గణితంలో నాకు ఎక్కువ కనిపించలేదు.

అయినా నాంపల్లి స్టేషన్లో టికెట్లు అమ్ముతూనే ఉన్నారు. 1907లో కట్టిన ఆ స్టేషన్లో ఒకప్పుడు రిజర్వేషన్ అంటే ఒక్కో రైలుకు ఒక్కో రిజిస్టరు. తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే అవతలి స్టేషన్‌కు టెలిగ్రాం వెళ్లాలి, జవాబు కోసం చూడాలి. 1985లో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ వచ్చింది. తర్వాత ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్‌లలో కేంద్రాలు వెలిశాయి గానీ వేటికవే. రైల్వేల సమాచార సంస్థ క్రిస్ తయారుచేసిన కాన్సర్ట్ అనే వ్యవస్థ ఆ గోడలు తీసేసింది. అది మొట్టమొదట 1994 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లోనే నడిచింది. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ ఒకటయ్యాయి.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఐదు కేంద్రాల్లోనూ అన్ని రైళ్ల లెక్కా ఉంచుకుని, మార్పు జరిగిన ప్రతిసారీ అన్నిచోట్లా సరిదిద్దే పద్ధతి వాళ్లు ఎంచుకోలేదు. ఏ రైలు బెర్తుల లెక్క ఏ కేంద్రానిదో ముందే పంచేశారు. కోల్‌కతా కేంద్రం చూసే రైల్లో బెర్తు కావాలని నాంపల్లి కౌంటర్లో అడిగితే, అడగడం సికింద్రాబాద్ ద్వారా, తేల్చడం కోల్‌కతాలో. ఒక్కో బెర్తుకు నిజం చెప్పే చోటు ఒక్కటే. పాత రిజిస్టరులో ఉన్న మంచి గుణాన్ని పోనివ్వకుండా, దాని దగ్గరికి ఎక్కడినుంచైనా చేరే దారి మాత్రం వేశారు.

బెర్తు ఒకచోట ఇచ్చి, డబ్బు మరోచోట పుచ్చుకోవాలి. రెండూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. ఇలాంటి పనులకు రెండంచెల ఒప్పందం అనే పద్ధతి ఉంది. ఒక కంప్యూటర్ మధ్యవర్తిగా ఉండి పాల్గొనేవాళ్లందరినీ ‘సిద్ధమేనా?’ అని అడుగుతుంది. సిద్ధమన్నవాళ్లు ఆ మాటను డిస్కు మీద రాసుకుంటారు, ఇక వెనక్కి తగ్గకూడదు. అందరూ ఒప్పుకుంటే మధ్యవర్తి ‘కానివ్వండి’ అంటుంది, ఒక్కరు కాదన్నా, జవాబు ఇవ్వకపోయినా ‘వదిలేయండి’ అంటుంది. అందరూ సిద్ధమన్న తర్వాత, నిర్ణయం చెప్పకముందే మధ్యవర్తి పడిపోతే? అప్పుడు మిగతావాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే, పట్టి ఉంచిన బెర్తును ఇంకెవరికీ ఇవ్వలేరు. సేనానుల రుజువును ఈ పద్ధతి ఓడించలేదు. అనుమానాన్ని నష్టంగా మారనివ్వకుండా ఆలస్యంగా మార్చింది, అంతే. ఉదయం 10 గంటలకు ఏసీ తత్కాల్, 11కు నాన్ ఏసీ తత్కాల్ తెరిచే నిమిషాల్లో ఆ ఆలస్యం ఎంత ఖరీదైనదో క్యూలో నిలబడ్డవాళ్లకు తెలుసు.

బెర్తును పట్టి ఉంచొచ్చు. నోటును అలా ఉంచలేం. ఏటీఎం నోరు తెరిచి నోట్లు బయటికి తోశాక ‘వదిలేయండి’ అన్న మాటకు అర్థం లేదు, అవి మీ జేబులో ఉంటాయి. అందుకే ఏటీఎం ప్రోటోకాల్ రాసినవాళ్లు వేరే దారి పట్టారు. ముందు ఖాతాలో తగ్గించి, తర్వాతే నోట్లు ఇస్తారు. నోట్లు ఇరుక్కుపోయినా, 0210 జవాబు సమయానికి రాకపోయినా, వెనక్కి తిప్పమని 0420 అనే కబురు బయల్దేరుతుంది. అది చేరిందని 0430 వచ్చేదాకా దాన్ని మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటారు. లైను తెగిపోతే దాచుకుని, లైను వచ్చాక పంపుతారు.

మళ్లీ మళ్లీ పంపితే మళ్లీ మళ్లీ డబ్బు జమ అవదా? అవకూడదు కాబట్టే ప్రతి లావాదేవీకి ఒక వరుస సంఖ్య, దానితో పాటు 12 స్థానాల రిఫరెన్స్ నంబరు ఉంటాయి. ఆ నంబరుతో ఇంతకుముందే పని జరిగి ఉంటే బ్యాంకు మళ్లీ చేయదు, ‘అయింది’ అని మాత్రం చెబుతుంది. ఒకే కోరిక పదిసార్లు వచ్చినా ఒక్కసారి వచ్చిన ఫలితమే ఉండాలి. కబుర్లు పోగొట్టే తీగ మీద నమ్మకమైన వ్యవస్థ కట్టడానికి మనకున్న ప్రధాన ఆయుధం ఇదే: వచ్చిందో లేదో తెలియకపోతే మళ్లీ పంపు, వచ్చిందే మళ్లీ వస్తే గుర్తుపట్టు. ఫోన్లో బిల్లు కడుతుంటే తెర మీద ‘వెనక్కి వెళ్లవద్దు, రిఫ్రెష్ చేయవద్దు’ అని బతిమాలే యాప్‌లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. వాటిని రాసినవాళ్లు ఈ నియమం పాటించి ఉంటే ఆ భయం వాడేవారికి అంటగట్టనక్కర్లేదు.

ఇంతవరకు కబురు పోవడం గురించి చెప్పుకున్నాం. వచ్చిన కబురు అబద్ధమైతే?

మీరు ఏటీఎం మీద నొక్కిన నాలుగంకెల పిన్ ఆ మీటల పలక లోపలే గుప్తలిపిలోకి మారిపోతుంది. బయటికి వచ్చేది ఆ రూపమే. ఒట్టి పిన్నునే గుప్తలిపిలోకి మారిస్తే ఒక ముప్పుంది: ఒకే పిన్ పెట్టుకున్న ఇద్దరి గుప్తరూపం ఒకేలా ఉంటుంది, ఒకరిది తెలిస్తే మరొకరిది తెలిసినట్టే. అందుకని పిన్‌ను ముందుగా కార్డు నంబరులోని 12 అంకెలతో కలిపి, ఆ మిశ్రమానికి తాళం వేస్తారు. తాళాల కథ కూడా చిన్నది కాదు. 1977 నాటి డెస్ అనే గుప్తలిపి పద్ధతిలో 56 బిట్ల తాళంచెవి ఉండేది. 1998 జులైలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ప్రత్యేకంగా ఒక యంత్రం కట్టి 56 గంటల్లో దాన్ని పట్టేసింది. బ్యాంకులు అదే పద్ధతిని మూడుసార్లు వేసే ట్రిపుల్ డెస్‌కు మారాయి.

వంద బ్యాంకులు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవాలంటే జంటకొక తాళంచెవి చొప్పున 4,950 కావాలి. ఉమ్మడి స్విచ్ ఉంటే బ్యాంకుకు ఒకటి చొప్పున వంద చాలు. కానీ అప్పుడు మజిలీ మజిలీకి పిన్ తాళం విప్పి, కొత్త తాళం వేయాలి. విప్పిన ఆ క్షణంలో స్విచ్ దగ్గరి ఉద్యోగి దాన్ని చూస్తే? అందుకే ఆ పని మామూలు కంప్యూటర్లో జరగదు. హార్డ్‌వేర్ సెక్యూరిటీ మాడ్యూల్ అనే ఉక్కు పెట్టెలో జరుగుతుంది. పెట్టెను పగలగొట్టబోతే లోపలి తాళంచెవులన్నీ తమంతట తామే చెరిగిపోతాయి. మూల తాళంచెవి ఏ ఒక్కరికీ పూర్తిగా తెలియదు. ఇద్దరు ముగ్గురు అధికారులు ఒకరి ముక్క మరొకరికి చూపకుండా తమ తమ ముక్కలు ఎక్కిస్తారు, అవి పెట్టెలోనే కలుస్తాయి.

పెద్ద మొత్తాల బ్యాంకు కబుర్లకు ఇంకో ఏర్పాటు ఉంది. ఐడీఆర్‌బీటీ 2001 డిసెంబరులో మొదలుపెట్టిన ఎస్ఎఫ్ఎంఎస్ అనే కబుర్ల వ్యవస్థలో కబురుకు డిజిటల్ సంతకం పెడతారు. సంతకం చేసే తాళంచెవి పంపేవారి దగ్గరే ఉంటుంది, సరిచూసే తాళంచెవి అందరికీ తెలుస్తుంది. ఏ తాళంచెవి ఏ బ్యాంకుదో ధ్రువీకరించే లైసెన్సు 2002లో ఐడీఆర్‌బీటీకి వచ్చింది. లెస్లీ లాంపోర్ట్, షోస్టాక్, పీజ్ 1982లో రాసిన, కొందరు ద్రోహులైనా మిగతా సేనానులు ఒక మాట మీదకు రావాలనే బైజాంటైన్ సేనానుల సమస్యలో ఈ సంతకం విలువ లెక్కతో సహా కనిపిస్తుంది. సంతకం లేని మాటలతో ఒక్క ద్రోహిని తట్టుకోవాలన్నా కనీసం నలుగురు సేనానులు ఉండాలి, ముగ్గురుంటే చాలదు. ఎవరూ ఫోర్జరీ చేయలేని సంతకాలుంటే ద్రోహులు ఎందరున్నా నిజాయితీపరులు ఒక మాట మీదకు రాగలరు. కబురు చేరడం, కబురును నమ్మడం రెండు వేర్వేరు శాస్త్రాలన్నట్టు కాలేజీల్లో విడదీసి చెబుతారు. నాకది సరిగా తోచదు. నిశ్శబ్దాన్ని ఎలా అర్థం చేసుకోవాలో, అబద్ధాన్ని ఎలా పట్టుకోవాలో రెండూ కలిస్తేనే ఒప్పందం.

2018 ఆగస్టులో పుణెలోని కాస్మోస్ బ్యాంకులో దొంగలు ఏ తాళమూ పగలగొట్టలేదు. లోపలికి చొరబడి, ఖాతాల కంప్యూటర్‌ను పక్కన పెట్టి, నకిలీ స్విచ్ ఒకటి అడ్డం నిలిపారు. వచ్చిన ప్రతి 0200కూ అది ‘00, ఇవ్వొచ్చు’ అంది. 28 దేశాల్లోని ఏటీఎంలలో నకిలీ కార్డులతో నోట్లు తీశారు. విదేశీ బదిలీతో కలిపి నష్టం 94 కోట్ల పైచిలుకు. 2022 జనవరిలో హైదరాబాద్‌లోనే ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు నుంచి 12 కోట్లకు పైగా వెళ్లిపోయింది. పోలీసులు వెల్లడించిన ప్రకారం, దారి తెరిచింది ఉద్యోగులకు వచ్చిన మోసపు ఈమెయిళ్లు. వాటిని తెరిస్తే కంప్యూటర్లో గూఢచారి ప్రోగ్రాం దిగింది, దాని ద్వారా ఖాతాల వ్యవస్థ అధికారాలే చేజిక్కాయి. రెండు చోట్లా గోడ లోపలున్నవారంతా మనవాళ్లేనన్న నమ్మకమే దెబ్బతీసింది. లోపలి కంప్యూటర్ అయినా సరే ప్రతిసారీ తానెవరో రుజువు చేసుకోవాలి, పెద్ద మార్పు ఏదైనా ఇద్దరు ఆమోదించాలి అనే పద్ధతి మన చిన్న బ్యాంకుల దాకా రావడం ఇప్పటికే ఆలస్యమైంది. చిన్న బ్యాంకులో డబ్బు దాచుకునేది చిన్న మనుషులే.

మళ్లీ ఆ 2,000 రూపాయల దగ్గరికి వద్దాం. 0420 కూడా ఇరుక్కుపోయిందనుకోండి. ఇక మిగిలింది పోల్చి చూడటమే. ఏటీఎం తన లోపల రాసుకున్న చిట్టా, స్విచ్ చిట్టా, మీ ఖాతా లెక్క, పెట్టెలో మిగిలిన నోట్ల లెక్క పక్కపక్కన పెట్టి ఎక్కడ తేడా ఉందో వెతుకుతారు. ఇందులో మనుషుల పని ఉంది కనుక జాప్యమూ ఉంది. ఆ జాప్యానికి గడువు కట్టింది ఏ సాఫ్ట్‌వేరూ కాదు, రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన ఆదేశం. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో తగ్గితే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత ఐదు రోజుల్లోగా బ్యాంకే వెనక్కి వేయాలి. దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం, ఖాతాదారు అడగకపోయినా ఇవ్వాలి. యూపీఐలో ఒక మనిషి మరో మనిషికి పంపింది అవతలి ఖాతాలో పడకపోతే గడువు ఒక్క రోజే, దుకాణానికి చెల్లించింది ఖరారు కాకపోతే ఐదు రోజులు. ఏటా జనవరి 1 నుంచి నాంపల్లిలో జరిగే నుమాయిష్‌లో, సాయంత్రం జనం కిక్కిరిసి సెల్ టవర్లు ఉక్కిరిబిక్కిరవుతున్నప్పుడు, కొన్నవారి ఫోన్లో డబ్బు తగ్గి అమ్మినవారి సౌండ్ బాక్సు పలకకపోతే వర్తించేది ఈ చివరి గడువే.

నా దృష్టిలో ఈ ఆదేశం కూడా ప్రోటోకాల్లో భాగమే. యంత్రాలు నిశ్చయానికి రాలేని చోట, ఆ అనుమానపు ఖర్చు ఎవరు భరించాలో అది చెబుతుంది. ఖాతాదారు మీద పడేయకుండా వ్యవస్థ నడిపేవారి మీద పెట్టింది. అయితే అది మీకు దక్కాలంటే ఆ రోజు జరిగినదానికి గుర్తు మీ దగ్గర ఉండాలి. ఏటీఎం చీటీ మీదో బ్యాంకు ఎస్సెమ్మెస్‌లోనో రిఫరెన్స్ నంబరు కనిపిస్తే పారేయకండి. ఫిర్యాదు మీ కార్డు బ్యాంకుకే ఇవ్వండి, ఏటీఎం ఉన్న బ్యాంకుకు కాదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి రుసుం లేదు.